పొట్లకాయ నేనూ తినను

ఇరవై తొమ్మిదేళ్ళు నేను ఒక యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో డైటీషియన్‌గా పనిచేశాను. అంటే అవతలివాళ్ళ కంచంలో ఏముండాలో చెప్పడం నా ఉద్యోగం. చెప్పాను. షుగరున్న ప్రొఫెసర్లకు అన్నం తగ్గించమని, హాస్టల్ పిల్లలకు పొద్దున టిఫిన్ మానొద్దని, రిటైరైనవాళ్ళకు ఉప్పు చూసుకోమని చెప్పాను. వాళ్ళు బుద్ధిగా తలూపి, నేను రాసిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బయటికెళ్ళి బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తినేవాళ్ళు. నా గది కిటికీ ఆ బండివైపే ఉండేది కాబట్టి నాకు తెలుసు.

ఈ మధ్య చదువు పూర్తిచేసి ఇదే పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీరు గెలిచిన కేసు ఒకటి చెప్పండి మేడం అని అడుగుతుంటారు. గెలిచిన కేసులు లేకపోలేదు. కానీ వాటిల్లో నేను చేసిందేమీ లేదు, వాళ్ళంతట వాళ్ళే బాగుపడ్డారు. నాకు బాగా గుర్తున్నది నేను వరసగా మూడుసార్లు తప్పు చేసిన కేసు. పేషెంటు వయసు నాలుగున్నరేళ్ళు. అందుకే మీకు అదే చెప్తాను.

తార్నాకలో మెట్రో రైలు కొత్తగా తిరుగుతున్న రోజులవి. హెల్త్ సెంటర్‌లో నా గదికి ఒకపక్క మందులిచ్చే కిటికీ, ఇంకోపక్క ఇంజెక్షన్ల గది. ఇంజెక్షన్ గదిలోంచి ఏడుపులు, మా గదిలోంచి సలహాలు, రెండూ ఒకే వరండాలోకి వినబడేవి. మా డాక్టరుగారు మంచివాడు. ఏ జబ్బుతో వచ్చినా చివర్లో ఒక టానిక్ రాసేవాడు. టానిక్ రాయకపోతే రోగి డాక్టర్ని చూసినట్టే అనుకోడు అని ఆయన నమ్మకం. మా ఆయమ్మ సీతాఫల్‌మండి నుంచి వచ్చేది. పిల్లల బరువులు, ఎత్తులు చూసి రిజిస్టర్లో ఎక్కించడం ఆమె పని. నేను ఎమ్మెస్సీ, ఆమె ఏడో తరగతి. ఈ విషయం మా ఇద్దరిలో నాకే ఎక్కువ గుర్తుండేది.

ఒక వానాకాలం పొద్దున నలుగురు కలిసి నా గదిలోకి వచ్చారు. తండ్రి మా క్యాంపస్‌లోనే స్టాటిస్టిక్స్ చెప్పే అసిస్టెంట్ ప్రొఫెసర్. తల్లి కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది, వరంగల్ పక్క వ్యవసాయం చేసుకునేవాళ్ళ అమ్మాయి. తండ్రి తల్లి, అంటే పిల్లకు అవ్వ, కొడుకు ఉద్యోగం కోసం కడప నుంచి వచ్చి వాళ్ళ దగ్గరే ఉంటోంది. నాలుగో మనిషి ఆ పిల్ల. వస్తూనే నా టేబుల్ మీదున్న ప్లాస్టిక్ అరటిపండును పట్టుకుని వాసన చూసి, నచ్చక అక్కడే పెట్టేసింది.

పిల్ల ఏమీ తినదని ముగ్గురూ ఒకేసారి చెప్పారు. ఏమీ తినని పిల్ల ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఈ పిల్ల అలా లేదు. అసలు సంగతి ఏమిటంటే ఆమె తెల్లటివే తింటుంది. అన్నం, పెరుగు, అంచులు తీసేసిన బ్రెడ్, ఇడ్లీ, ఉడికించిన గుడ్డులో తెల్లసొన. అన్నంలో ఒక్క ఆవగింజ కనబడినా చుక్క ఉంది అని కంచం నెట్టేస్తుంది. దోసె మీద ఎర్రటి మచ్చ ఉంటే కాలిపోయింది అంటుంది. కడప పక్క పిలకాయలు ఈ వయసుకే సంగటి ముద్దలు మింగుతారని అవ్వ చెప్పింది. కోడలు పొద్దున లేచి ల్యాబుకు పోతుంది కాబట్టి పిల్లకు తిండి అలవాటు కాలేదని కూడా చెప్పింది, అదీ నాతో కాదు, ప్లాస్టిక్ అరటిపండుతో చెప్పినట్టు చెప్పింది.

తండ్రి ఫైలు తీశాడు. నెలరోజులుగా పిల్ల పూటకు ఎన్ని ముద్దలు తిన్నదీ, ఎన్ని నిమిషాలు పట్టిందీ రాసిపెట్టాడు. ముద్ద సైజు ఒకేలా ఉండదు గనుక లెక్కలో కొంత తేడా రావచ్చని నాకు ముందే క్షమాపణ చెప్పాడు.

వాళ్ళ ఫ్లాట్ మూడో అంతస్తులో, మెట్రో లైనుకు ఎదురుగా ఉంది. అవ్వ పిల్లను బాల్కనీలో కూర్చోబెట్టి, రైలు వచ్చినప్పుడల్లా ఒక ముద్ద పెడుతుంది. పిల్ల నోరు తెరిచి రైలును చూస్తుంటే ఆ నోట్లో ముద్ద పెట్టేయడం పద్ధతి. పొద్దున ఆఫీసుల వేళ రైళ్ళు వెంటవెంటనే వస్తాయి కాబట్టి టిఫిన్ ముక్కాలు గంటలో అయిపోతుంది. మధ్యాహ్నం గంటన్నర దాటుతుంది. ఆదివారాలు ఇంకా కష్టం.

ఇదంతా విని నేను చేసిన మొదటి తప్పు, చార్టు రాయడం. నాకు చార్టులంటే ప్రాణం. రోజుకు ఆరుసార్లు, వారానికి ఏడు రంగులు, స్కేలు పెట్టి గీతలు కొట్టి మరీ రాశాను. సోమవారం పాలకూర, మంగళవారం పొట్లకాయ, బుధవారం బీట్‌రూట్, అలా. పొట్లకాయ శుక్రవారం కూడా వేశాను. అది తేలిగ్గా అరుగుతుందని పుస్తకాల్లో ఉంటుంది.

వాళ్ళు బయటికి పోయాక ఆయమ్మ రిజిస్టర్ తెచ్చి నా ముందు పెట్టింది. పిల్ల పుట్టినప్పటి నుంచీ టీకాలకు మా దగ్గరికే వచ్చేది, బరువులన్నీ అందులో ఉన్నాయి. "మేడం, పిల్లకేం కాలేదు. సన్నగున్నది గని ఏ నెలకానెల పెరుగుతనే ఉన్నది. తిండి తినకుంట ఎట్ల పెరుగుతది?" అంది. నేను సరేలే అన్నట్టు చెయ్యూపి రిజిస్టర్ మూసేశాను. అప్పటికే చార్టు రాసిచ్చేశాను కదా. రాసిన చార్టు వెనక్కి తీసుకోవడం మా డిపార్ట్‌మెంట్‌లో అలవాటు లేదు.

రెండు వారాలకు మళ్ళీ వచ్చారు. తండ్రి నా చార్టును కంప్యూటర్లో ఎక్కించి, రంగులు వేసి, కింద ఒక గ్రాఫు గీసి తెచ్చాడు. గ్రాఫులో గీత కిందికి దిగుతోంది. ఆరుసార్లు పెట్టాలని రాశాను కదా, ఒకసారి పెట్టడం పూర్తయ్యేసరికి రెండోసారి వేళయ్యేది. ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ గిన్నె పట్టుకునే ఉంటున్నారు. బీట్‌రూట్ రోజు పిల్ల అన్నం గులాబీరంగులో ఉందని చూసి సోఫా వెనక దాక్కుంది. ల్యాబుకు ఎందుకు ఆలస్యమవుతోందని తల్లిని ఆమె గైడు అడిగాడట.

అప్పుడు రెండో తప్పు చేశాను. ఎక్కడో చదివి, ముద్దకో స్టిక్కర్ ఇవ్వమని ఇంకో చార్టు రాసిచ్చాను. రంగు తినగానే నక్షత్రం. పది నక్షత్రాలకు బొమ్మ. మొదటి మూడు రోజులు బాగా నడిచింది. నాలుగో రోజు పిల్ల కుర్చీలో కూర్చున్నందుకు ఒక నక్షత్రం అడిగింది. ఐదో రోజు నోరు తెరిచినందుకు వేరే, మింగినందుకు వేరే అంది. వారం తిరిగేసరికి ఆమె ఒక క్యారెట్ ముక్కకు నాలుగు నక్షత్రాలు ముందే తీసుకుని, ముక్కను బుగ్గలో దాచి, బాత్రూంలో ఉమ్మేస్తోంది. మా ఉద్యోగుల సంఘం వాళ్ళు మేనేజ్‌మెంట్‌తో మాట్లాడ్డానికి ఈ పిల్లను తీసుకెళ్ళి ఉంటే మాకు ఎప్పుడో పే రివిజన్ వచ్చేది.

మూడో తప్పు అన్నిటికన్నా పెద్దది. అడిగేదాకా ఏమీ పెట్టకండి, ఆకలేస్తే ఆమే వస్తుంది అని మూడో చార్టు రాసిచ్చాను. పుస్తకంలో అలాగే ఉంది. పుస్తకంలో అవ్వ లేదు. అవ్వ చీర కొంగులో బిస్కెట్లు దాచి, బాల్కనీ తలుపు వెనక రహస్యంగా పెట్టేది. తండ్రి మాత్రం ఫైల్లో సున్నా ముద్దలు, సున్నా ముద్దలు అని రాసుకుంటూ పోయాడు. రెండోరోజు సాయంత్రానికి ఆయన పిల్లను ఎత్తుకుని మా డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాడు. డాక్టరుగారు టానిక్ రాశాడు. అది ఎర్రగా, తియ్యగా ఉంటుంది. ఆ పిల్ల ఇష్టపడి నోట్లో వేసుకున్న మొదటి రంగు వస్తువు అదే. ఆ సంగతి డాక్టరుగారు నాకు చాలాకాలం గుర్తుచేస్తూ ఉండేవాడు.

ఇంతవరకూ నవ్వుకుంటూనే చెప్పాను. ఆ తర్వాతది అంత నవ్వులాట కాదు.

ఒకరోజు తండ్రి ఒక్కడే వచ్చాడు. ఇంట్లో మాట్లాడుకున్నామని, పిల్ల తల్లి ఒక సంవత్సరం రీసెర్చి ఆపేస్తే మంచిదని అనుకున్నామని చెప్పాడు. థీసిస్ ఇవ్వడానికి ఇంకా నాలుగైదు నెలలే ఉన్నాయి కదా అన్నాను. అవును, కానీ పిల్ల ముఖ్యం కదా అన్నాడు. ఆరోగ్య కారణాలైతే విరామం సులభంగా ఇస్తారు. దానికి హెల్త్ సెంటర్ నుంచి ఒక ఉత్తరం కావాలి. పిల్లకు పోషకాహార సమస్య ఉంది, తల్లి పూర్తికాలం ఇంట్లో ఉండి చూసుకోవాలి అని నేను రాసివ్వాలి. మీ మూడు చార్టులు జతచేస్తాను అన్నాడు.

నా చార్టులు జతచేస్తాడు. ఆ మాట వినగానే నేను ఏంచేశానో ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలు వినాలి. నాకు కొంచెం గర్వంగా అనిపించింది. ఆయన పోగానే లెటర్‌హెడ్ తీసి రెండు పేరాలు రాసి, సంతకం కోసం జాగా వదిలి, సొరుగులో పెట్టాను.

మరుసటి రోజు తల్లి వచ్చింది, ల్యాబు నుంచి నేరుగా. తెల్లకోటు మీద పసుపురంగు మరక, దగ్గరికి వస్తే ఆసిడ్ వాసన. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడం, ఉత్తరం రాసిన్రా?"

ఇంకా లేదని అబద్ధం చెప్పాను.

"రాయుండ్రి. నాక్కూడ యాష్టకొచ్చింది. పొద్దున లేస్తే అదే ముచ్చట, పండుకునేదాంక అదే ముచ్చట. కని ఒక్కటి చెప్పుండ్రి మేడం. నేను ఇంట్ల కూసుంటే అది తింటదా?"

తింటుంది అనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. తినదు అనడానికి మూడు చార్టులున్నాయి. అప్పుడు నేను, ఆదివారం మీ ఇంటికి వస్తాను, పిల్ల తినేటప్పుడు చూస్తాను, చూశాకే రాస్తాను అన్నాను. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఒక పేషెంటు ఇంటికి భోజనం వేళ వెళ్ళడం నాకు అదే మొదటిసారి.

ఆ ఆదివారం మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లోని మా ఇంటి నుంచి ఆటోలో తార్నాక వెళ్ళాను. రాసిన ఉత్తరం బ్యాగులోనే ఉంది, సంతకం ఒక్కటే తక్కువ.

వాళ్ళింట్లో డైనింగ్ టేబుల్ మీద రెండే కంచాలు ఉన్నాయి. ఒకటి నాకు, ఒకటి పిల్లకు. మిగతావాళ్ళు మేం తర్వాత తింటాం అన్నారు. నన్ను పిల్ల ఎదురుగా కూర్చోబెట్టారు. తండ్రి ముద్దల లెక్క రాసుకోవడానికి ఫోన్ పట్టుకుని పిల్ల కుర్చీ వెనక నిలబడ్డాడు. తల్లి వంటింటికీ టేబుల్‌కూ మధ్య తిరుగుతోంది. అవ్వ ఒక చేత్తో పిల్లకు ముద్ద కలుపుతూ, ఇంకో చేత్తో నాకు వడ్డిస్తోంది. కిటికీ తెరలు రైలు కనబడేట్టు పూర్తిగా జరిపి కట్టారు.

అవ్వ వంట చాలా గొప్పగా ఉంది, ఆ మాట చెప్పకపోతే పాపం. రాగి సంగటి, గోంగూర పప్పు, చిత్రాన్నం, అలసంద వడలు, ఓళిగలు అనే బొబ్బట్లు. ఇవన్నీ వడ్డించాక, ఆమె మూతపెట్టిన గిన్నె ఒకటి తెచ్చి, ప్రత్యేకంగా నా ముందు పెట్టి మూత తీసింది. పాలు పోసి వండిన పొట్లకాయ కూర.

"మీ చార్టులో వారానికి రెండుసార్లు రాసినారు గదమ్మా. మీకు బో ఇష్టమేమోనని పొద్దున్నే మార్కెట్టుకు పోయి తెచ్చినా."

నాకు పొట్లకాయ పడదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ వాసనే గిట్టదు. మా ఇంట్లో మా ఆయనకు వండిపెడతాను, ముక్కు పక్కకు పెట్టుకుని వండుతాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో కొన్ని వందల మందికి పొట్లకాయ రాసి ఉంటాను. ఒక్క ముక్క తినలేదు. ఈ విషయం మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

చాలమ్మా, చాలు అంటుండగానే రెండు గరిటెలు పడ్డాయి. కొంచెం తిన్నట్టు చేశాను. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి మూడో గరిటె పడింది. ఆమె అటు తిరగ్గానే, నేను కూరను మెల్లగా అలసంద వడ కిందికి తోశాను. తల ఎత్తితే పిల్ల నన్నే చూస్తోంది. అలాంటి చూపు నేను మా డిపార్ట్‌మెంట్‌కు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన పెద్ద డాక్టర్ల దగ్గర కూడా చూడలేదు. చాలా శ్రద్ధగా, ఏ మాత్రం కోపం లేకుండా చూస్తోంది.

రైలు వచ్చింది. అవ్వ, తండ్రి ఇద్దరూ కిటికీ వైపు చెయ్యి చూపిస్తూ రైలు రైలు అన్నారు. పిల్ల రైలును చూడలేదు. నా వైపు వంగి, గుసగుసగా చెప్పింది.

"అక్కడొద్దు ఆంటీ. వడ తీస్తే అవ్వకు కనిపిస్తది. ప్లేటు కింద పెట్టు."

నాకు నవ్వు, దగ్గు రెండూ కలిసి వచ్చి పొలమారింది. తండ్రి నీళ్ళిచ్చి ఏమైందని అడిగాడు. పిల్ల పెదాలు బిగించి కూర్చుంది, నా గుట్టు బయటపెట్టలేదు. అవ్వ నా నెత్తిమీద తట్టి, గిన్నె ఎత్తి, ఇంగ రోంత ఏసుకోమ్మా, ఏం తినకుండానే ఉండావే అంటూ మళ్ళీ గరిటె ముంచింది.

"అవ్వా, ఆంటీకి వద్దు," అంది పిల్ల, ఈసారి పైకి.

"నువ్వుండుమ్మే. వద్దంటానే ఉంటారు. మనం పెట్టల్ల."

పెట్టింది. కంచం నిండా పొట్లకాయ. దాని ఎదురుగా నేను. యాభై ఆరేళ్ళ మనిషిని, నలుగురికీ తిండి గురించి చెప్పేదాన్ని, వద్దు అని నాలుగుసార్లు చెప్పాను, ఒక్కసారి కూడా ఎవరికీ వినబడలేదు. పెద్దావిడ ప్రేమగా పెడుతోంది కాబట్టి కోప్పడలేను, లేచిపోలేను. కంచం వైపు చూడాలంటేనే భయమేసింది. పిల్ల నా వైపు చూసింది. ఇప్పుడేం చేస్తావు అన్నట్టుంది ఆ చూపు. ఆమె అయితే కంచం నెట్టేసేది. ఆ పనికే కదా నేను జబ్బు పేరు పెట్టి ఉత్తరం రాసింది.

"అమ్మా, నాకు పొట్లకాయ పడదు," అన్నాను.

అవ్వ గరిటె ఆగిపోయింది. "మీరే గదమ్మా రాసింది?"

"నేనే రాసిన. నేను తినను. చిన్నప్పటి నుంచి తినను."

తండ్రి ఫోన్ మీద వేలు అలాగే ఉంది, ఇది ఏ గడిలో రాయాలో ఆయనకు తెలియలేదనుకుంటాను. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి నవ్వు వినబడింది. తల్లి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ ఆగడం లేదు. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. అత్తగారు తిరిగి చూసేసరికి లోపలికి వెళ్ళిపోయింది.

అవ్వ నా కంచం తీసుకుని, పొట్లకాయ అంతా గిన్నెలోకి తిరగేసి, కంచం కడిగి తెచ్చి, మిగతావి మళ్ళీ వడ్డించింది. మొహం చిన్నబుచ్చుకుంది. "పడకపోతే ముందే చెప్పల్ల గదమ్మా," అంది.

"చెప్పినమ్మా. నాలుగుసార్లు చెప్పిన," అన్నాను.

ఆమె పిల్ల వైపు చూసింది. ఇక్కడ ఏదైనా ఉపన్యాసం ఇచ్చి ఉంటే నాలుగో తప్పు అయ్యేది. ఒక్కదాన్నే కూర్చుని తినడం ఇబ్బందిగా ఉంది, మీరంతా కూర్చుంటేనే తింటాను అని మాత్రం చెప్పాను. చుట్టం అడిగితే కాదనలేరు కదా. ఇంకో మూడు కంచాలు వచ్చాయి. తండ్రికి ప్లాస్టిక్ స్టూలు దొరికింది. ఆ టేబుల్ చుట్టూ అందరూ ఒకేసారి కూర్చోవడం గృహప్రవేశం తర్వాత ఇదే అని తల్లి తర్వాత నాకు చెప్పింది.

మరి పాపకెవరు పెడతారు అని తండ్రి అడిగాడు. పాపకు చేతులున్నయి కదా సార్ అన్నాను. కాసేపు ఎవరూ ఆమె కంచంలోకి చూడొద్దని, మన అన్నం మనం తిందామని చెప్పాను. ఇది చెప్పినంత సులువు కాదు. అవ్వ కళ్ళు పిల్ల కంచం వైపే పోతున్నాయి, బలవంతంగా వెనక్కి తెచ్చుకుంటోంది. రైలు ఒకటి వెళ్ళింది. ఎవరూ చెయ్యి చూపించలేదు. పిల్ల అలవాటు ప్రకారం నోరు తెరిచి, ముద్ద రాకపోయేసరికి, కాసేపటికి తనే మూసుకుంది.

అద్భుతం జరిగిందని మీరు అనుకుంటే నేనేం చేయలేను. ఆమె పెరుగన్నం నాలుగు ముద్దలు తన చేత్తో తింది, సగం ఒళ్ళో పడింది. తర్వాత నా కంచంలోని అలసంద వడను చూపించి అది కావాలంది. ఎర్రగా కాలి, ఒళ్ళంతా మచ్చలున్న వడ. తండ్రి చెయ్యి ఫోన్ మీదికి పోయింది. తల్లి ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టి ఆపింది. పిల్ల వడ కొరికి, మిరపకాయ ముక్క తగిలి, ఉమ్మేసి, మిగతాది పక్కన పెట్టేసింది. అంతే. పదిహేను నిమిషాల్లో భోజనాలు అయిపోయాయి. మధ్యాహ్నం ఇంకా మిగిలి ఉంది, దాంతో ఏంచేయాలో వాళ్ళకు తెలియలేదు.

తండ్రి నాతోపాటు ఆటో దాకా వచ్చి ఉత్తరం అడిగాడు. సోమవారం పంపిస్తానన్నాను. ఇంటికెళ్ళి మొదట రాసింది చింపేశాను.

సోమవారం ఆయమ్మను పిలిచి, రిజిస్టర్ తెమ్మని, నాలుగున్నరేళ్ళ బరువులు మొదటిసారి సరిగ్గా చూశాను. ఆమె చెప్పింది నిజం. ఆ మాట ఆమెతో అన్నాను. "నేనప్పుడే చెప్పిన కద మేడం," అని తన పని చూసుకుంది. తర్వాత ఉత్తరం రాశాను. పిల్ల ఆరోగ్యంగా ఉంది. తల్లి చదువు మానాల్సిన అవసరం లేదు. ఇదివరకు నేను ఇచ్చిన మూడు చార్టులూ రద్దు. రోజుకు ఒక పూటైనా ఇంట్లో అందరూ కలిసి కూర్చుని తినాలి. తినేటప్పుడు పిల్ల కంచంలోకి ఎవరూ చూడకూడదు, ఏదీ రాసుకోకూడదు.

తండ్రికి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, చదువుకున్నవాళ్ళ కోపం. మూడు పేజీల ఫిర్యాదు, గ్రాఫులతో సహా, మా డాక్టరుగారికి ఇచ్చాడు. డాక్టరుగారు నన్ను పిలిచి, మందు లేదు, టానిక్ లేదు, చూడకండి అని రాస్తే దాన్ని ప్రిస్క్రిప్షన్ అంటారా మేడం అని బాధగా అడిగాడు. మెమో ఇచ్చాడు. జవాబులో, నా మూడు సలహాలూ తప్పు, నాలుగోది తప్పో కాదో ఇంకా తెలియదు, బరువుల రిజిస్టర్ కాపీ జతచేస్తున్నాను అని రాశాను. ఫైలు పైకి వెళ్ళి, కొన్నాళ్ళు అక్కడ పడుకుని, తిరిగి వచ్చింది. పైన ఎవరో ఒక వాక్యం రాశారు. డైటీషియన్ ఇకపై సలహాలు మితంగా ఇవ్వవలెను. నా సర్వీసులో పైనుంచి వచ్చిన వాటిల్లో నాకు ఉపయోగపడిన ఆదేశం అదొక్కటే.

తల్లికి విరామం దొరకలేదు, అంటే ఆరోగ్య కారణం లేదు కాబట్టి దొరకలేదు. నాలుగైదు నెలలన్నది తొమ్మిది నెలలైంది కానీ థీసిస్ ఇచ్చింది. ఇంట్లో మాటలు పడకుండా ఏమీ ఇవ్వలేదు. ఒకరోజు ల్యాబు ఎదురుగా కనబడి, బిడ్డ ఏం తిన్నదని ఇప్పుడు నేనడుగుతలేను మేడం, ఆయన మాత్రం దొంగతనంగ లెక్కపెడ్తడు, పెదాలు కదులుతుంటయి అని చెప్పింది. తండ్రి ఏడాదిపాటు క్యాంపస్‌లో నన్ను చూసి తల తిప్పుకున్నాడు. తర్వాత తనకే కొలెస్ట్రాల్ వచ్చి, నా గదికి వచ్చి, ఏమీ జరగనట్టు కూర్చున్నాడు. పిల్ల ఇప్పుడు పెద్ద క్లాసులో ఉంది. ఇప్పటికీ ఆవగింజలు ఏరి కంచం అంచున వరసగా పెడుతుందట. వరసగా పెట్టడం వాళ్ళ నాన్న పోలిక అనుకుంటాను.

ఆ ఉత్తరం రాసిన ఏడెనిమిది నెలలకు, ఒక గురువారం, అవ్వ ఒక్కతే షేర్ ఆటోలో వచ్చి నా గది ముందు బెంచీ మీద కూర్చుంది. నేను చూసి కొంచెం జంకాను. ఆమె తిట్టడానికి రాలేదు. బీపీ ఎక్కువుందని డాక్టరుగారు నా దగ్గరికి పంపాడు. కూర్చోబెట్టి, మామూలుగా అడిగేవి అడిగాను. పొద్దున ఏం తింటారు, ఉప్పు ఎంత, పచ్చళ్ళు ఉన్నాయా. అన్నిటికీ టకటకా చెప్పింది. ఆ తర్వాత, ఇష్టమైనవి ఏంటమ్మా, వాటిని బట్టి మిగతావి చూద్దాం అన్నాను.

ఆమె సంచీ ఒళ్ళో సర్దుకుంది. వినబడలేదేమో అని మళ్ళీ అడిగాను. సంగటా అన్నాను. అది ఆయనకిష్టం అంది. ఆయన పోయి పదేళ్ళయింది. ఓళిగలా అంటే, అవి మా పిల్లోడికి అంది. మరి మీకు అన్నాను. ఆమె గోడ మీద గడియారం వైపు చూసింది, తర్వాత తన చేతుల వైపు చూసుకుంది.

"నన్నెవరూ అడగలేదు గదమ్మా. మల్లొచ్చినప్పుడు చెప్తాలే," అని సంచీ తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

తర్వాతి గురువారం మళ్ళీ వచ్చింది. వరండాలో ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు, ఆమె వంతు రాలేదు. అయినా లేచి నేరుగా నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడి చెప్పింది.

"ఉడకబెట్టిన చెనిక్కాయలు. చేన్లో అప్పుడే పెరికినవి. ఉప్పు రోంత ఎక్కువుండల్ల."

పక్కనే బీపీ పట్టీ విప్పుతున్న ఆయమ్మ నా వైపు చూసింది. ఉప్పు సంగతి తర్వాత చూద్దామని, ముందు ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.